తుంటి కండరానికి అంకె పడిన కథ

తుంటి దగ్గర కండరం లాగేస్తే మనిషి కొన్ని వారాలు కుంటుతాడు, ఆ తర్వాత కోలుకుంటాడు. దానివల్ల ఎవరూ చనిపోరు. రోగాలను వర్గాలుగా విడదీసి అంకెలు వేసే పద్ధతి చావుల లెక్కల్లోంచి పుట్టింది కాబట్టి, ప్రాణం తీయని ఇలాంటి గాయానికి అందులో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు అమెరికాలో కుడి తుంటి కండరం లాగేసిన రోగి బిల్లు మీద ‘ఎస్76.011ఎ’ అనే ఏడు స్థానాల కోడ్ ఉంటుంది. అలాంటి కోడ్‌లు వేసేవాళ్లలో హైదరాబాద్‌లో కూర్చుని పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కుడా ఎడమా, చికిత్స ఏ దశలో ఉంది అన్న సంగతులు కూడా చెప్పే ఈ కోడ్‌కు మూలాలు పదిహేడో శతాబ్దపు లండన్ చావుల చిట్టాల్లో ఉన్నాయి.

ప్లేగు భయంతో లండన్‌లో చర్చి పరిధుల వారీగా, వారం వారం మరణాల జాబితాలు అచ్చయ్యేవి. ఎవరు దేనితో పోయారో తేల్చేది వైద్యులు కాదు. శవాన్ని చూసి చెప్పే పనికి కుదుర్చుకున్న పేద ముసలి ఆడవాళ్లు ఏం చెబితే అదే కారణం. జాన్ గ్రాంట్ అనే వర్తకుడు ఆ జాబితాలన్నీ పోగుచేసి, లెక్కలు కట్టి 1662లో పుస్తకంగా వేశాడు. అందులో 1632వ సంవత్సరపు పట్టికలో ‘పళ్లు’ అన్న కారణం కింద 470 మంది కనిపిస్తారు. వాళ్లు పళ్లొచ్చే వయసులో పోయిన పసివాళ్లు. గ్రహం దెబ్బకు పోయినవాళ్లు 13 మంది. రకరకాల ప్రమాదాల్లో పోయిన 46 మందినీ ఒకే వరుసలో సర్దేశారు. ఏ ఎముక విరిగింది, ఏ కండరం తెగింది అన్న ప్రశ్న అక్కడ పుట్టనే లేదు. రెండు శతాబ్దాల తర్వాత, తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పరిస్థితి ఇంతకన్నా గొప్పగా లేదు. పల్లెల్లో చావు నమోదు చేసేది గ్రామాధికారి. ఆయన రిజిస్టరులో ‘జ్వరం’ అన్న ఒక్క మాట కిందే ఎన్నో రోగాలు కలిసిపోయేవి.

పద్దెనిమిదో శతాబ్దంలో పండితులు వేరే దారి పట్టారు. మొక్కలను జాతులుగా విడదీసినట్టే రోగాలనూ విడదీయవచ్చని వాళ్ల నమ్మకం. ఫ్రాన్స్‌లో బోయస్యే ద సొవాజ్ రోగాలను పది తరగతులుగా, 2,400 జాతులుగా పంచాడు. ఆ తరగతుల్లో నొప్పులది ఒకటి. అంటే నొప్పి రోగానికి గుర్తు మాత్రమే కాదు, తనంతట తానే ఒక రోగం. ఎడిన్‌బరోలో విలియం కలెన్ 1769లో దీన్ని కుదించి నాలుగు తరగతులు చేశాడు, వాటిలో చివరిది స్థానిక వ్యాధులు. పాఠం చెప్పడానికి ఇవి బాగానే పనికొచ్చాయి. ఊరంతటి చావులను లెక్కగట్టే గుమాస్తాకు మాత్రం పనికిరాలేదు.

ఆ గుమాస్తాల పనిని శాస్త్రంగా మలిచినవాడు విలియం ఫార్. ఇంగ్లండు రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో చేరి, 1839 నాటి మొదటి నివేదికలోనే కలెన్ వర్గీకరణ పాతబడిందని తేల్చాడు. 1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక సభ ఫార్‌కూ జెనీవా వైద్యుడు మార్క్ దెస్పిన్‌కూ కలిపి ఒక ఉమ్మడి జాబితా తయారుచేసే పని అప్పజెప్పింది. రెండేళ్ల తర్వాత ఇద్దరూ రెండు వేర్వేరు జాబితాలతో వచ్చారు. సభ ఇద్దరినీ నొప్పించకుండా 139 శీర్షికల రాజీ జాబితాను ఒప్పుకుంది. కమిటీలు ఎక్కడైనా కమిటీలే. కాలక్రమంలో నిలబడింది మాత్రం ఫార్ చట్రమే. ఆయన రోగాలను ఐదు గుంపులు చేశాడు: అంటురోగాలు, ఒళ్లంతటికీ సంబంధించినవి, అవయవాన్ని బట్టి స్థానికమైనవి, ఎదుగుదలకు సంబంధించినవి, దెబ్బల వల్ల నేరుగా కలిగేవి. తుంటి కండరం నొప్పి మూడో గుంపులోకి వెళ్లాలా, ఐదో గుంపులోకి వెళ్లాలా? నేటి కోడింగ్‌లో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. దెబ్బ తగిలి కండరం లాగేస్తే గాయాల అధ్యాయంలో ‘ఎస్’ కోడ్ పడుతుంది. అదే నొప్పి అరుగుదల వల్లనో, పదేపదే తిరగబెట్టడం వల్లనో వస్తే ఎముకలు, కండరాల అధ్యాయంలో ‘ఎమ్’ కోడ్. ఫార్ గీసిన గీత పేర్లు మార్చుకుని అలాగే ఉండిపోయింది.

చంపకపోయినా మనిషిని మూలన కూర్చోబెట్టే రోగాలను కూడా లెక్కించాలని ఫార్ 1856లోనే రాశాడు. సైన్యాలు, ఆసుపత్రులు, జైళ్లు, కార్మికుల సహాయ సంఘాలు అప్పటికే తమ అవసరాల కోసం అలాంటి పట్టికలు రాసుకుంటున్నాయి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో లండన్ సభ ముందు ఆసుపత్రులన్నీ ఒకే నమూనా ఫారాలు వాడాలని ప్రతిపాదన పెట్టించింది. కొన్ని ఆసుపత్రులు కొంతకాలం వాడి వదిలేశాయి.

తర్వాతి అడుగు పారిస్‌లో పడింది. ఆ నగర గణాంక విభాగాధిపతి జాక్ బెర్తియోఁ 1893లో షికాగో సమావేశంలో కొత్త జాబితా పెట్టాడు. 1853లో బ్రస్సెల్స్ తీర్మానాన్ని ప్రతిపాదించిన అషీల్ గియార్ ఈయనకు తాత. ఒంటి కొలతలతో నేరస్తులను గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టిన అల్ఫాన్స్ బెర్తియోఁ సోదరుడు. వర్గీకరణ ఆ ఇంట్లోనే ఉంది. 1898లో ఒట్టావాలో అమెరికన్ ప్రజారోగ్య సంఘం ఈ జాబితాను అమెరికా, కెనడా, మెక్సికో వాడుకోవాలనీ, పదేళ్లకోసారి సవరించుకోవాలనీ సిఫారసు చేసింది. 1900లో 26 దేశాల ప్రతినిధులు పారిస్‌లో కలిసి 179 శీర్షికల జాబితాను ఆమోదించారు.

ఆ సమావేశంలోనే బతికున్న రోగుల కోసం ఒక సమాంతర జాబితా కూడా తయారైంది. దాని పద్ధతి చూస్తే అప్పటి దృష్టి ఏమిటో తెలుస్తుంది. చావు కారణానికి ఇచ్చిన అంకెను అలాగే ఉంచి, ప్రాణం తీయని రోగాలకు ఆ అంకె పక్కన ఒక అక్షరం తగిలించారు. చావు ప్రధాన శీర్షిక, బతుకు దానికి ఉపశీర్షిక.

పేర్లకు బదులు అంకెలు ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు యంత్రం. హెర్మన్ హాలరిత్ చిల్లుల కార్డుల యంత్రాన్ని అమెరికా 1890 జనాభా లెక్కలకు వాడకముందే బాల్టిమోర్ నగర మరణాల లెక్కల మీద పరీక్షించాడు. కార్డు మీద పేరు పట్టదు, చిల్లు పడుతుంది. చిల్లు పడాలంటే రోగం అంకెగా మారాలి. కోడింగ్ అనే పని ఆసుపత్రిలో పుట్టలేదు, గణాంక కార్యాలయాల్లో పుట్టింది.

ఆసుపత్రుల్లో ఇంకో కథ నడుస్తోంది. కోడ్ వేయాలంటే ముందు కాగితం మీద ఏదో ఒకటి రాసి ఉండాలి గదా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలా ఆసుపత్రుల్లో ఆ రాతే సరిగ్గా లేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1897 నుంచి రికార్డులు చూసుకున్న గ్రేస్ వైటింగ్ మైయర్స్ ఈ వృత్తికి ఆద్యురాలు. 1928లో ఏర్పడిన ఉత్తర అమెరికా రికార్డు లైబ్రేరియన్ల సంఘానికి ఆమే తొలి అధ్యక్షురాలు. ఈ మధ్యలో అమెరికన్ సర్జన్ల కళాశాల ఆసుపత్రులకు కనీస ప్రమాణాలు పెట్టింది. ప్రతి రోగికీ పూర్తి వివరాలతో రికార్డు ఉండాలన్నది వాటిలో ఒకటి. వంద పడకలకు పైబడిన 692 ఆసుపత్రులను పరిశీలిస్తే నిలిచినవి 89. తప్పినవాటిలో దేశంలోకెల్లా పేరున్న ఆసుపత్రులు ఉండటంతో, 1919లో న్యూయార్క్ హోటల్లో ఆ జాబితాను విలేఖరుల చేతికి చిక్కకుండా తగలబెట్టేశారు. డాక్యుమెంటేషన్ చరిత్రలో ఇంత నిజాయితీగల ఘట్టం ఇంకోటి లేదు.

రాయడమంటూ మొదలయ్యాక, ఎలా రాయాలన్న ప్రశ్న మిగిలింది. లారెన్స్ వీడ్ అనే వైద్యుడు 1968లో దానికి ఒక దారి చూపాడు. రోగి చెప్పింది, వైద్యుడు పరీక్షించి చూసింది, దాని మీద అంచనా, చేయబోయే చికిత్స అని నోట్‌ను నాలుగు భాగాలుగా రాయమన్నాడు. ‘సోప్ నోట్’ అని కోడర్లందరికీ తెలిసిన పద్ధతి ఇదే. కోడర్ కన్ను ముందుగా వెళ్లేది మూడో భాగానికి. రోగి తన నొప్పికి ఏ పేరు పెట్టినా దాన్ని బట్టి కోడ్ వేయకూడదు, వైద్యుడి అంచనాలో ఉన్నదే వేయాలి.

ప్రాణం తీయని గాయానికి ప్రధాన జాబితాలో సొంత స్థానం దొరికింది 1948లో. కొత్తగా ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పారిస్ జాబితా ఆరో సవరణ బాధ్యత తీసుకుంది. చావులకూ జబ్బులకూ కలిపి ఒకే జాబితా వచ్చింది ఈ సవరణతోనే. గాయాలను రెండు వైపుల నుంచి కోడ్ చేయడం కూడా ఇందులో స్థిరపడింది. ఎలా తగిలింది అన్నదానికి ఒక వరుస, ఒంట్లో ఏమైంది అన్నదానికి ఇంకో వరుస. రెండో వరుసలో బెణుకులకూ, కండరాల లాగుడుకూ ఒక విభాగం ఉంది. గ్రాంట్ పట్టికలో 46 మంది కూరుకుపోయిన ఒక్క వరుస మూడు శతాబ్దాల తర్వాత ఇలా విచ్చుకుంది.

అమెరికాలో ఈ అంకెలకు డబ్బు ముడిపడ్డాక వాటి స్వభావమే మారిపోయింది. 1965లో మెడికేర్ చట్టం వచ్చింది. 1966లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వైద్యులు చేసే పనులకు సీపీటీ అనే వేరే కోడ్‌ల పుస్తకం వేసింది. రోగం పేరు చెప్పేది ఒక కోడ్, దానికి చేసిన పని చెప్పేది ఇంకో కోడ్, రెండూ ఒకదానికొకటి పొసగకపోతే బిల్లు తిరిగొస్తుంది. 1979 నుంచి అమెరికా తొమ్మిదో సవరణకు తన సొంత రూపం వాడింది. యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ రోగులను ఖర్చును బట్టి గుంపులు చేసే పద్ధతి రూపొందించారు. 1983లో మెడికేర్ దాన్నే తీసుకుని, ఆసుపత్రి ఎంత ఖర్చు పెట్టింది అన్నది పక్కనపెట్టి, ఏ రోగం రాశారు అన్నదాన్ని బట్టి చెల్లించడం మొదలుపెట్టింది. మెడికల్ రికార్డ్స్ విభాగం అప్పటిదాకా నేలమాళిగలో ఫైళ్ల మధ్య ఉండేది. ఒక్కసారిగా అది ఆసుపత్రి ఆదాయానికి తాళంచెవి పట్టుకుంది. కోడర్ల సంఘం ఏఏపీసీ పుట్టింది 1988లో.

ఆ తొమ్మిదో సవరణలో తుంటి, తొడల బెణుకులకూ కండరాల లాగుడుకూ కలిపి ఇచ్చిన అంకె 843. ఎముకను ఎముకతో కట్టే లిగమెంట్ సాగడం ఒక గాయం, ఎముకను కదిలించే కండరం లాగేయడం వేరే గాయం. చికిత్స వేరు, కోలుకునే కాలం వేరు. అయినా రెండింటికీ ఇల్లు ఒకటే. పైగా 843.0, 843.1 రెండూ తుంటి కీలు లిగమెంట్లకే వెళ్లిపోయాయి. కండరాలకంటూ వేరే స్థానమే లేదు, ఏదైనా 843.8, 843.9 లాంటి ‘ఇతరములు’లోకి పోవాల్సిందే. కుడా ఎడమా చెప్పే వీలు లేదు. ఒక రోగికి జనవరిలో కుడి తుంటి, మార్చిలో ఎడమ తుంటి లాగేస్తే, బీమా కంపెనీ కంప్యూటర్‌కు రెండూ ఒకే గాయంలా కనిపించేవి. ఫిజియోథెరపీకి వెళ్లిన రోజుల్లో గాయం కోడ్ వెనక్కి పోయి, థెరపీకి వచ్చాడని మాత్రమే చెప్పే వి57.1 ముందుకొచ్చేది.

పదో సవరణను ప్రపంచ ఆరోగ్య సభ 1990 మేలో ఆమోదించింది. గాయాల విషయంలో ఇది జాబితాను తిరగేసింది. తొమ్మిదిలో ముందు గాయం రకం, తర్వాత శరీర భాగం: ఎముకలు విరగడాలన్నీ ఒకచోట, బెణుకులన్నీ ఒకచోట. పదిలో ముందు శరీర భాగం. ఎస్70 నుంచి ఎస్79 దాకా తుంటి, తొడలవే. పై దెబ్బలు, కోతలు, తొడ ఎముక విరగడం, కీలు తప్పడం, నరాలు, రక్తనాళాలు వరుసగా వచ్చి, కండరాలూ స్నాయువులూ ఎస్76లో కూర్చున్నాయి. బెణుకు ఎస్73 కింద, కీలు తప్పడం పక్కనే ఉండిపోయింది. దశాబ్దాలుగా ఒకే గదిలో ఉన్న లిగమెంటూ కండరమూ అలా వేరుపడ్డాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఎస్76.0 దగ్గరే ఆగిపోతుంది: తుంటి కండరానికి, స్నాయువుకు గాయం. మిగతా మూడు స్థానాలూ అమెరికా తగిలించినవి. అయిదోది గాయం రకం, ఆరోది ఏ పక్క, ఏడోది చికిత్స దశ. ఈ పెంపుతో పద్నాలుగు వేల దాకా ఉన్న రోగ కోడ్‌లు డెబ్బై వేలకు దగ్గరయ్యాయి. 2013 అక్టోబరులో మొదలుకావాల్సిన మార్పును 2014కు, అక్కణ్నుంచి 2015కు వాయిదా వేశారు. ఆ మధ్యకాలంలో వైద్యులకు బాతు కొట్టిన గాయానికి ఉన్న డబ్ల్యూ61.62, జెట్ ఇంజిన్‌లోకి లాగేసిన మనిషి మళ్లీ వైద్యానికి వచ్చినప్పుడు వేసే వి97.33ఎక్స్‌డి నవ్వులాటకు మంచి సరుకయ్యాయి. నవ్వినవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. కొత్త పద్ధతి అసలు భారం ఆ వింత కోడ్‌ల మీద లేదు, కుడి, ఎడమ అని నోట్‌లో రాయడం మరిచిపోయే అలవాటు మీద ఉంది. చివరికి 2015 అక్టోబరు 1న పాత పుస్తకం మూతపడింది.

ఒక మామూలు చార్ట్‌ను దగ్గర నుంచి చూస్తే ఈ యంత్రాంగం తెలుస్తుంది. ఫుట్‌బాల్ (సాకర్) ఆడుతూ కాలు విసిరినప్పుడు తుంటి ముందు భాగంలో కలుక్కుమంది, మర్నాటికి మెట్లెక్కలేకపోతున్నాడు, పరీక్షలో మోకాలు పైకెత్తితే నొప్పి, ఎక్స్‌రే చూస్తే ఎముక విరగలేదు. అంచనాలో వైద్యుడు ‘కుడి హిప్ ఫ్లెక్సర్ స్ట్రెయిన్, గ్రేడ్ 2’ అని రాస్తే కోడర్ పని సుఖం: ఎస్76.011ఎ. దానికి తోడు అతిగా శ్రమపడటం వల్ల అని ఎక్స్50.0, ఆట పేరుకు వై93.66. అదే వైద్యుడు ‘స్ట్రెయిన్ అయి ఉండొచ్చు’ అని రాస్తే ఔట్‌పేషెంట్ చార్ట్‌లో ఆ కోడ్ వేయకూడదు, కుడి తుంటి నొప్పి అని ఎమ్25.551తో సరిపెట్టాలి. పక్క రాయకపోతే ఎస్76.019. లాగేసింది తొడ లోపలివైపు కండరమైతే ఎస్76.2, వెనక కండరమైతే ఎస్76.3, ముందు తొడ కండరమైతే ఎస్76.1. ‘గజ్జల్లో నొప్పి, కండరం లాగింది’ అని మాత్రమే ఉంటే ఏ కండరమో ఊహించే హక్కు కోడర్‌కు లేదు, వైద్యుడికి క్వెరీ పంపాలి.

ఇంత సూక్ష్మంలోనూ ఒక పెద్ద ఖాళీ ఉంది. గ్రేడ్ 2 అన్న మాట ఈ కోడ్‌లో ఎక్కడా చేరదు. కొద్దిగా సాగిన కండరానికీ, పూర్తిగా తెగిపోయిన కండరానికీ దారి చివరికి ఒకటే. సూచికలో దెబ్బ వల్ల తెగిన కండరాన్ని వెతికితే స్ట్రెయిన్ చూడమంటుంది. వారంలో తగ్గేదేదో, ఆపరేషన్ కావాల్సిందేదో కోడ్ చెప్పదు, నోట్ చదవాల్సిందే.

ఏడో స్థానంలోని అక్షరం మీద అపార్థాలు ఎక్కువ. ‘ఎ’ అంటే మొదటిసారి రావడం కాదు, గాయానికి నేరుగా చికిత్స నడుస్తున్న దశ. రోగి రెండో వైద్యుడి దగ్గరికి వెళ్లినా చికిత్స అదే దశలో ఉంటే మళ్లీ ‘ఎ’నే. మానుతున్న దశలో చేసే సంరక్షణకు ‘డి’, గాయం మానాక మిగిలిపోయిన ఇబ్బందికి ‘ఎస్’. తొమ్మిదో సవరణలో ఫిజియోథెరపీ రోజుల్లో వెనక్కి పోయే గాయం ఇక్కడ ‘డి’తో చివరిదాకా వెంట ఉంటుంది. కొత్త పద్ధతి చేసిన నిజమైన మేలు ఇదేనని చెప్పవచ్చు.

ఈ పని తెలుగు నేలకు చేరింది మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ వెనకాలే. తొంభైల చివర అమెరికా వైద్యుల గొంతు విని టైపు చేసే కంపెనీలు హైదరాబాద్‌లో వెలిశాయి. ఆ నోట్లు రాసే చోటికే వాటికి కోడ్ వేసే పనీ వచ్చింది. అక్కడ పొద్దుగూకి చార్ట్ మూసే వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, బయోటెక్నాలజీ చదివి ఉద్యోగం దొరకని పిల్లలు వేలల్లో ఉన్నారు. అమీర్‌పేటలో జావా, టెస్టింగ్ బోర్డుల పక్కన మెడికల్ కోడింగ్ బోర్డులు లేచాయి. ఫ్రెషర్‌ను అడిగే మొదటి మాట ‘సీపీసీ (ఏఏపీసీ ఇచ్చే కోడర్ సర్టిఫికెట్) ఉందా?’ అన్నదే. ఫ్లోర్ మీద రోజుకిన్ని చార్ట్‌లని ప్రొడక్షన్ టార్గెట్, క్వాలిటీ 95 శాతానికి తగ్గితే ఆడిటర్ నుంచి ఫీడ్‌బ్యాక్. ఈ ఫ్లోర్ మీద తుంటి ఎముక విరిగిన చార్ట్‌కు ఉన్న విలువ తుంటి కండరం లాగేసిన చార్ట్‌కు ఉండదు. గబగబా ముగించుకుని టార్గెట్ నింపుకునే తేలిక చార్ట్ అది. తప్పులు దొర్లేదీ అక్కడే, ముఖ్యంగా ‘ఎ’కూ ‘డి’కీ మధ్య.

అదే కోడర్ ఇంట్లో పెద్దవాళ్లకు తుంటి పట్టేస్తే వీధి చివరి క్లినిక్‌లో చీటీ మీద మందుల పేర్లు తప్ప ఇంకేమీ ఉండవు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్సలకు ప్యాకేజీలు కట్టి చెల్లించే పథకం. ఇంట్లో పడుకుని తగ్గించుకునే కండరం నొప్పి అలాంటి లెక్కలోకి రాదు. డబ్బు ముడిపడని చోట కోడ్‌ను ఎవరూ పట్టించుకోరన్నది అమెరికా చరిత్రలో ఎంత నిజమో ఇక్కడా అంతే.

అమెరికాలో డాక్యుమెంటేషన్ మీద పట్టు కొంత సడలింది ఈమధ్యే. 1995, 1997 నియమాల ప్రకారం వైద్యుడు ఎన్ని ప్రశ్నలు అడిగాడు, ఎన్ని అవయవాలు చూశాడు అన్నది లెక్కపెట్టి విజిట్ స్థాయి నిర్ణయించేవారు. 2009 చట్టంతో ఆసుపత్రులు కంప్యూటర్ రికార్డులకు మారాక ఆ లెక్క నింపడం మరీ సులువైంది. తుంటి నొప్పితో వచ్చినవాడి నోట్‌లో చెవి, ముక్కు, గొంతు బాగున్నాయన్న టెంప్లేట్ వాక్యాలు పేజీలకొద్దీ పేరుకున్నాయి. 2021 నుంచి క్లినిక్ విజిట్లకు ఆ లెక్కింపు తీసేసి, వైద్యుడి నిర్ణయం ఎంత క్లిష్టమైనది లేదా ఎంత సమయం పట్టింది అన్నవాటినే చూస్తున్నారు.

పదకొండో సవరణను 2019లో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. కుడి, ఎడమ, తీవ్రత లాంటివి ఇందులో కోడ్ లోపల ఇరికించరు. మూల కోడ్‌కు అనుబంధ కోడ్‌లుగా పక్కన గొలుసు కడతారు. గ్రేడ్‌కు చోటు లేదన్న పాత లోటు తీరే వీలు అక్కడ ఉంది. అమెరికా బిల్లింగ్ మాత్రం ఇంకా పదో సవరణ మీదే నడుస్తోంది. ఏటా అక్టోబరు 1న దాని కొత్త జాబితా వస్తుంది. హైదరాబాద్ ఫ్లోర్ల మీద ఆ వారమంతా కొత్తగా చేరినవీ, తీసేసినవీ చూసుకునే శిక్షణే.